ఫారం ఫోర్‌లో తెలుగు పిల్లలు

కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజనీరుకు ట్రినిడాడ్‌లో ఉద్యోగం దొరకడంలో వింతేమీ లేదు. అమ్మోనియా, మెథనాల్ ఎగుమతుల్లో ఆ చిన్న దీవి ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది. ఆ ఫ్యాక్టరీలు పాయింట్ లిసాస్ అనే చోట సముద్రం ఒడ్డున బారులు తీరి ఉంటాయి. భార్యనూ, పదిహేనేళ్ల కూతుర్నీ, పదమూడేళ్ల కొడుకునూ వెంటబెట్టుకుని ఆయన దగ్గర్లోని కూవా ఊళ్లో కాపురం పెట్టాడు. వింత ఎదురైంది కూతురి బడిలో, ఫారం ఫోర్ తరగతిలో. మొదటి వారమే హాజరు పిలుస్తుంటే ఆ పిల్ల ఉలిక్కిపడింది. మహరాజ్, మొహమ్మద్, జోసెఫ్, రాంపర్సాద్... ఆ తర్వాత వీరాసామి! పలికిన అమ్మాయి పిఠాపురం సంతలో ఎదురుపడితే ఎవరూ పరాయిదనుకోరు. కానీ ఆమెకు తమిళం రాదు, తెలుగు రాదు, హిందీ కూడా రాదు. పెద్దవాళ్లు మద్రాసు నుంచి ఓడలో వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు, అంతే. ఏ జిల్లానో, ఏ ఊరో ఎవరికీ తెలియదు.

ఆ పేరు పట్టుకునే ఇంజనీరు ఇంటిల్లిపాదీ ట్రినిడాడ్ చరిత్రలోకి దిగారు.

కొలంబస్ రాక, స్పెయిన్ ఏలుబడి, ఫ్రెంచి తోటదొరలు, 1797లో ఇంగ్లీషువాళ్లు దీవిని పట్టుకోవడం, ఇవన్నీ పరీక్ష రాసే పిల్లలకు తప్పవు గాని మనం దాటేయవచ్చు. అసలు కథ చెరకుది. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన మనుషుల చేత కొరడా దెబ్బల మధ్య పండించిన చెరకు. 1834లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసింది గాని, అప్రెంటిస్‌లని పేరు మార్చి మరో నాలుగేళ్లు అదే చాకిరీ చేయించుకుంది. 1838లో నిజంగా విడుదలయ్యాక చాలామంది ఆ తోటల మొహం చూడడానికే ఇష్టపడలేదు. ఎవరు మాత్రం ఇష్టపడతారు? బానిసత్వం రద్దయిన రోజును జాతీయ సెలవుదినం చేసిన మొట్టమొదటి దేశం ట్రినిడాడ్ టొబాగోయే. అది 1985లో.

దొరలకు చవక కూలీలు కావలసి వచ్చారు. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి దాదాపు 225 మందిని తెచ్చి దించింది. 1917 దాకా అలా సుమారు 1,44,000 మంది భారతీయులు వచ్చారు. ఒప్పందం అయిదేళ్లు. తోట దాటి అడుగు బయటపెట్టాలంటే చేతిలో పాసుండాలి. పని ఎగ్గొడితే జైలు. గడువు తీరాక తిరుగు ప్రయాణానికి బదులు భూమి ఇస్తామన్న రోజులు కూడా వచ్చాయి. ఎక్కువమంది ఉండిపోయారు. 2011 జనాభా లెక్కల్లో భారత సంతతి వారు నూటికి 35 మంది, ఆఫ్రికా సంతతి వారు 34 మంది, రెండూ కలిసిన, ఇంకా ఎన్నో కలిసిన వారు 23 మంది.

వచ్చినవాళ్లలో అధిక భాగం బీహార్, ఉత్తరప్రదేశ్ పల్లెల వాళ్లు. మద్రాసు ఓడలు తక్కువ. మద్రాసీలు మాట వినరనీ, తోటలు వదిలి పట్నాలకు పోతారనీ దొరలు ఫిర్యాదు చేసేవారు. నూట యాభై ఏళ్ల తర్వాత ఆ ఫిర్యాదు చదివే తెలుగువాడికి అది నింద అనిపించదు, తలెత్తుకోవాలనిపిస్తుంది. ఆ ఓడలెక్కినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. మారిషస్‌లో, డర్బన్ చుట్టుపక్కల మనవాళ్లు పదిమంది ఒక్కచోట ఉండడం వల్ల రామభజనలూ, ఉగాదీ, ఆంధ్ర సంఘాలూ నిలిచాయి. ట్రినిడాడ్‌లో ఆ బలగం లేదు. తోటలో భోజ్‌పురి, బయట ఇంగ్లీషు, వీటి మధ్య తెలుగు ఆరిపోయింది. మిగిలినవి వీరాసామి, రాంసామి, మూన్‌సామి లాంటి పేర్లు, మద్రాసీల ఆచారంగా చెప్పుకునే కాళీమాయి పూజలు.

కూలీల రిజిస్టర్లు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇలాంటి రికార్డులకు 2011లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చల గుర్తులు కూడా రాసుకున్న కాగితాలవి. మనిషిని సరుకులా లెక్క రాసిన ఆ గడులే ఇప్పుడు మనవలకు పూర్వీకుల ఊరు చెబుతున్నాయి.

తల్లిది నల్గొండ వైపు పల్లె. ఆమెను ఈ దేశానికి దగ్గర చేసింది మాత్రం రిజిస్టర్లు కాదు, ‘హోసే’. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌ను ఆనుకుని సెయింట్ జేమ్స్ అనే పేట ఉంది. కలకత్తా, బొంబాయి, ఢిల్లీ, లక్నో, మద్రాస్ అని అక్కడ వీధుల పేర్లు. రచయిత వి.ఎస్. నైపాల్ కుటుంబం ఉన్న ఇల్లు కూడా ఆ పేటలోనే, నేపాల్ స్ట్రీట్‌లో ఉంది. ఏటా మొహర్రం రోజుల్లో ఆ వీధుల్లో రాత్రంతా జరిగే ఊరేగింపే హోసే. వెదురు బద్దలు, రంగు కాగితాలు, తళుకు రేకులతో వారాల తరబడి తాజియాలు, అంటే హుసేన్ సమాధి నమూనాలు, కడతారు. కట్టినన్నాళ్లూ మాంసం, మద్యం ముట్టరు. హసన్ పేరున ఆకుపచ్చదీ, హుసేన్ పేరున ఎర్రదీ రెండు పెద్ద నెలవంకలను భుజాలకెత్తుకుని గిరగిరా తిప్పుతారు. తాషా డోళ్లను మంట దగ్గర కాచి, బిగిసిన శబ్దం వచ్చాక వరస కలుపుతారు. చివరి రోజున తాజియాలను సముద్రానికి తీసుకుపోతారు.

ఆమెకు ఇందులో ఒక్కటీ కొత్తగా అనిపించలేదు. వాళ్ల ఊళ్లోనూ పీర్ల పండుగకు డప్పులు మంట మీద కాచేవాళ్లు. అలావ గుండం చుట్టూ తిరిగే ఆటలో సగం మంది హిందువులే. పీరుకు దట్టీ కట్టి, కుడకలు వేసి, కొడుకు పుడితే హుసేన్ పేరు పెడతామని మొక్కుకునే ఇళ్లూ ఉండేవి. పీరు ఎత్తుకునే మనిషికి పూనకం వచ్చిందంటే ఊరి పెద్దలంతా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఊదు పొగలో ఆయన చెప్పిన మాటకు తిరుగుండేది కాదు. చివరి రోజు పీర్లు వాగుకు వెళ్తుంటే ఏడ్చే ముసలమ్మలను ఆమె చూసింది. సెయింట్ జేమ్స్ వీధి అరుగు మీద నిలబడి ఆ సంగతులన్నీ పిల్లలకు గంటసేపు చెప్పింది. తాషాల హోరులో వాళ్లకు సగమే వినిపించి ఉంటుంది.

హోసే వెనక నెత్తురు కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఊరేగింపులో హిందువులు నడిచేవారు, ఆఫ్రికా సంతతి వారు డోళ్లు వాయించేవారు. వేర్వేరుగా ఉంచాలనుకున్న కూలీలు ఒకే డోలు వెంట నడవడం ప్రభుత్వానికి భయం పుట్టించింది. 1884లో ఊరేగింపులు పట్నంలోకి రాకూడదని ఆజ్ఞ వేశారు. జనం వినలేదు. అక్టోబర్ 30న శాన్ ఫెర్నాండో పొలిమేరల్లో పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం 16 మంది చనిపోయారు, వందకు పైగా గాయపడ్డారు. తాజియాలు మోస్తున్న మనుషుల మీద ఆ తుపాకులు పేలాయి. బ్రిటిష్ వాళ్లు చట్టబద్ధ పాలన నేర్పారని చెప్పేవాళ్లు ఆ రోజు సంగతి కూడా చదవాలి.

కొడుకు మనసు మాత్రం వాటర్‌లూ ఊళ్లోని సముద్రపు గుడి దగ్గర ఆగిపోయింది. శివదాస్ సాధు అనే కూలీ 1947లో ఒడ్డున చిన్న గుడి కట్టుకున్నాడు. ఆ నేల చక్కెర కంపెనీది. గుడి కూల్చేశారు, ఆయన్ను 14 రోజులు జైల్లో పెట్టారు. సముద్రం ఎవడి సొత్తూ కాదు కదా అని, సైకిల్ మీద రాళ్లూ సిమెంటూ మోసి, నీళ్లలో మెరక వేసి, పాతికేళ్లు కష్టపడి మళ్లీ కట్టాడు. దానికి కొంచెం దూరంలో కారాపిచైమాలో 85 అడుగుల హనుమంతుడు నిలబడి ఉంటాడు. మైసూరు గణపతి సచ్చిదానంద స్వామి వారి దత్త పీఠం గుడి అది. తెలుగు పండుగలకు ఆ కుటుంబం చేరేది అక్కడికే.

ఎదిగిన పిల్లలతో వెళ్లేవారికి కష్టం చదువు దగ్గర ఉంది. అక్కడి పిల్లలు పదకొండు పన్నెండేళ్లకే ఎస్‌ఈఏ అనే పరీక్ష రాసి హైస్కూలు తెచ్చుకుంటారు. మధ్యలో వచ్చినవాళ్లకు ఖాళీ ఉన్న చోటే సీటు. ఫారం ఫైవ్‌లో, పదహారేళ్లకు, కరీబియన్ దేశాలు కలిసి నడుపుకునే సీఎస్‌ఈసీ పరీక్ష. ఆ చరిత్ర సిలబస్‌లో ఒప్పంద కూలీల గురించి ఉంటుంది. కాకినాడ బడిలో తానెప్పుడూ ఆ ఊసే వినలేదని కూతురికి కోపం. ఆ కోపం న్యాయమైనదే. ఆ కూలీలకు చదువు కూడా తేలిగ్గా దక్కలేదు. కెనడా ప్రెస్బిటేరియన్ మిషన్ తరఫున జాన్ మోర్టన్ 1868లో వచ్చి కూలీల పిల్లలకు బడులు పెట్టాడు. చదువుకుని టీచరు కావాలంటే మతం మారడమే దారి అన్న రోజులు చాలాకాలం నడిచాయి. 1950ల్లో సనాతన ధర్మ మహాసభ ఊరూరా సొంత బడులు కట్టాకే ఆ ఒత్తిడి తగ్గింది.

పిల్లలు బడికి వెళ్లేది మ్యాక్సీ టాక్సీలో. తెల్లటి వ్యాను, ఒంటి మీద రంగు పట్టీ. పట్టీ రంగును బట్టి ఏ దారిలో తిరిగేదో తెలుస్తుంది. చీకటి పడ్డాక మాత్రం తండ్రే కారులో తెస్తాడు. సుమారు 14 లక్షల జనాభా ఉన్న దేశంలో 2024లో 600 మందికి పైగా హత్యకు గురయ్యారు. ఆ డిసెంబరు చివర్లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. కిటికీలన్నిటికీ ఇనుప ఊచలు. కాకినాడలో రాత్రి పదింటికి సైకిళ్ల మీద తిరిగిన పిల్లలను ఆ ఊచల వెనక చూడడం తల్లికి ఇప్పటికీ మింగుడు పడలేదు.

డిసెంబరులో ఆమెకు ఇంకో బెంగ. క్రిస్మస్‌కు ట్రినిడాడ్ ఇళ్లన్నిటా ‘సోరెల్’ అనే ఎర్రటి పానీయం కాస్తారు. అది గోంగూర కాయల ఎర్ర తొడుగుతో చేసేదే. తొడుగు ఒలుచుకుని ఆకు జోలికి పోరు. పక్కింటి పెరట్లో నిలువెత్తు మొక్కలు చూసి ఆమె ఆకు అడిగితే, వాళ్లు ఆశ్చర్యపోతూ కోసుకోమన్నారు. ఆ రోజు పచ్చడి నూరుతూ నల్గొండకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది.

కొడుకు స్టీల్‌పాన్ అనే వాద్యం మోజులో పడ్డాడు. 1880ల్లో డోళ్లను నిషేధిస్తే జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టి తాళం వేశారు. 1930ల్లో బిస్కెట్ డబ్బాల దాకా వచ్చారు, ఆ తర్వాత చమురు పీపాలు దొరికాయి. పీపా అడుగును సుత్తితో సాగదీసి, ఒక్కో గుంటలో ఒక్కో స్వరం పలికించారు. 1992లో అదే జాతీయ వాద్యమైంది. కుర్రాడు రోజూ సాయంత్రం బడి బ్యాండులో టెనర్ పాన్ సాధన చేస్తున్నాడు. జూలైలో సెలవులకు నల్గొండ వెళ్లాలి. రబ్బరు మొనల కర్రలు సంచిలో సర్దుకున్నాడు గాని పాన్ విమానంలో మోసుకుపోవడం కుదరదు. అమ్మమ్మ ఇంట్లో వాయించడానికి ఏముందని తల్లిని అడిగాడు. ఇత్తడి గంగాళం ఉందని చెప్పిందామె. అడుగు ఎంత మందమో అమ్మమ్మను కనుక్కోమని రెండు రోజులుగా వెంటపడుతున్నాడు.