నమూనా కారు, ఆవాల ఘాటు

1957లో విడుదలైన 'మాయాబజార్'లో మనం చూసి మురిసిన ద్వారకానగరం ఒక సూక్ష్మ నమూనా. అప్పట్లో మద్రాసులో వర్ధిల్లిన ఆ పరిశ్రమ తదనంతరం జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లకు చేరింది. చిన్న వస్తువులో పెద్ద లోకాన్ని చూసే ముచ్చట మాత్రం మారలేదు. ఆ ముచ్చటే కొందరిని పాత ప్లాస్టిక్ కారు నమూనాల కూర్పు వైపు నడిపిస్తుంది.

అసలు కారులో 25వ వంతు కొలతతో, ఏటేటా కొత్త నమూనాల విడిభాగాల పెట్టెలను అమెరికాలోని ఏఎంటీ సంస్థ 1958లో ప్రారంభించింది. ఆనాటి జిగురులో టోలుయిన్ ఉండేది. అది ప్లాస్టిక్ అంచులను కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. ఆ ఆవిరిని మత్తు కోసం పీల్చే దురలవాటు 1960వ దశకంలో అక్కడి బాలల్లో వ్యాపించింది. అది మెదడును దెబ్బతీస్తుంది. గుండె లయ తప్పించి ఆకస్మిక మరణమూ కలిగించగలదు. అందుకే 1969లో టెస్టర్స్ సంస్థ తన జిగురులో ఆవాల ఘాటును కలిపింది. ముక్కు మండితే పిల్లవాడు ట్యూబును వదిలేస్తాడని దాని ఉద్దేశం.

పాత నమూనాలను పునరుద్ధరించే పెద్దలకు నా మనవి: పెట్టెలోని పాత జిగురును వాడకండి. పాత రంగును పొడిగా గీకకండి. అందులో సీసం ఉండవచ్చు. కిటికీలు తెరిచి కూర్చోండి. మనవడు పక్కనుంటే, ట్యూబు మీ చేతిలోనే ఉండాలి.