జమాఖర్చుల నిర్వహణ ఆన్‌లైన్ విద్య (ఉట్నూర్ ప్రాంతం)

జమాఖర్చుల నిర్వహణ లేదా బుక్ కీపింగ్ అనగా ఒక వ్యక్తి, సంఘం లేదా వ్యాపార సంస్థ జరిపిన ధన సంబంధమైన వ్యవహారాలను తేదీల వారీగా, నియమబద్ధంగా పుస్తకాలలో నమోదు చేసే విధానము. ఈ విద్యను అంతర్జాలం ద్వారా ఇంటివద్దనే నేర్చుకొని గుమాస్తా, బిల్లింగ్ సహాయకుడు, సంఘం లెక్కల నిర్వాహకురాలు వంటి తొలి మెట్టు ఉద్యోగాలలో ప్రవేశించవచ్చును. పట్టణాలకు దూరంగా ఉన్న ఉట్నూర్ వంటి గిరిజన ప్రాంతంలో ఈ మార్గానికి ప్రత్యేక ప్రాధాన్యము ఉన్నది. లెక్క ఎవరు వ్రాస్తారు, దానిని ఎవరు చదవగలరు అనే ప్రశ్న ఇక్కడ తరతరాలుగా భూమితోనూ అప్పుతోనూ ముడిపడి ఉండుటయే ఇందుకు కారణము.

ప్రాంత నేపథ్యం

ఉట్నూర్ తెలంగాణ రాష్ట్రం, ఆదిలాబాద్ జిల్లాలోని ఒక మండల కేంద్రము. ఇది రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు క్రిందికి వచ్చే ప్రాంతము. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఇక్కడి కొమురం భీం సముదాయంలో ఉన్నది. ఉట్నూరుకు రైలు మార్గము లేదు. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పాత ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయినది. ఈ ప్రాంతంలో గోండులు, కొలాములు, పరధానులు, తోటీలు, నాయకపోడులు, లంబాడీలు నివసిస్తున్నారు. ఇళ్ళలో గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, తెలుగు భాషలు వినిపిస్తాయి.

1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం మరణించిన తరువాత, నిజాం ప్రభుత్వం ఆదివాసుల స్థితిగతుల అధ్యయనానికి మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియమించినది. భూములు అన్యాక్రాంతమగుటను, వడ్డీ వ్యాపారుల అప్పులలో గోండులు చిక్కుకొనుటను ఆయన తన రచనలలో నమోదు చేశాడు. 1943లో మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము ప్రారంభమైనది. తరువాతి కాలంలో షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలు (1959), వడ్డీ వ్యాపారుల నియంత్రణ నిబంధనలు (1960), ఋణ విముక్తి నిబంధనలు (1970) వెలువడినవి.

చట్టము ఎంత బలమైనదైనా, తీసుకున్నది ఎంత, చెల్లించినది ఎంత, మిగిలినది ఎంత అని తెలుపు పుస్తకము ఒకరి చేతిలోనే ఉన్నచోట రెండవవారు మాటమీదనే ఆధారపడవలసి వస్తుంది. అందువలన ఇక్కడ జమాఖర్చుల విద్య ఉద్యోగానికి మాత్రమే కాక, సొంత లెక్కను తామే సరిచూసుకొనుటకు కూడా ఉపకరిస్తుంది.

స్థానికంగా లెక్కల అవసరం

ఉట్నూర్ పరిసరాలలో లెక్కలు వ్రాసేవారి అవసరం ప్రధానంగా నాలుగు చోట్ల కనిపిస్తుంది.

* మహిళా స్వయం సహాయక సంఘాలు: 2000లో ప్రారంభమైన 'వెలుగు' పథకం అమలైన తొలి ఆరు జిల్లాలలో ఆదిలాబాద్ ఒకటి. తరువాత ఇది ఇందిరా క్రాంతి పథంగా మారినది. సంఘాలు పాటించవలసిన పంచసూత్రాలు: క్రమం తప్పని సమావేశాలు, క్రమమైన పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాల చెల్లింపు, సక్రమమైన పుస్తక నిర్వహణ. సంఘంలో తీర్మానాల పుస్తకము, నగదు పుస్తకము, పొదుపు–అప్పుల లెడ్జరు, సభ్యుల పాసు పుస్తకాలు ఉంటాయి. గ్రామ సమాఖ్య స్థాయిలో ఈ పనిని వి.ఓ.ఏ.లు చూస్తారు.
* గిరిజన సహకార సంస్థ: 1956లో ఏర్పడిన ఈ సంస్థ అటవీ ఉత్పత్తులను కొని, డి.ఆర్. డిపోల ద్వారా నిత్యావసర సరుకులను అమ్ముతూ వచ్చినది. డిపోలలో సరుకు నిల్వల పుస్తకము, రోజువారీ అమ్మకాల పట్టీ ముఖ్యమైనవి.
* పత్తి వ్యాపారం: ఆదిలాబాద్ పట్టణము పెద్ద పత్తి విపణి. పత్తి సీజనులో జిన్నింగు మిల్లులలో తూకపు చీటీలు, రైతుల చెల్లింపులు, లారీ కిరాయిల లెక్కలు వ్రాసేవారు కావలెను.
* చిన్న ఉత్పత్తి సంఘాలు, దుకాణాలు: ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘము ఇప్పపువ్వు లడ్డూలు తయారుచేసి అమ్ముచున్నది. ఇటువంటి సంఘాలకు, ఎరువుల, కిరాణా దుకాణాలకు కొనుగోలు, అమ్మకం, బాకీల పుస్తకాలు తప్పనిసరి.

నేర్చుకొనవలసిన అంశాలు

ఆధునిక జమాఖర్చులకు మూలము జంటపద్దు విధానము. ఇటలీకి చెందిన గణిత శాస్త్రజ్ఞుడు లూకా పాచియోలి 1494లో వెనిస్ నగరంలో ముద్రితమైన తన గ్రంథంలో దీనిని వివరించాడు. విధానము అంతకు ముందే అక్కడి వర్తకులలో వాడుకలో ఉన్నది. ప్రతి వ్యవహారానికి రెండు ముఖాలు ఉంటాయనునది దీని సారాంశము. ఒక ఖాతాకు డెబిట్ వ్రాసినప్పుడు అంతే మొత్తము మరొక ఖాతాకు క్రెడిట్ వ్రాయవలెను.

తెలుగు మాధ్యమం పాఠ్య పుస్తకాలలో ఈ శాస్త్రానికి చక్కని పదజాలము కలదు. వ్యవహారాలను మొదట నమోదు చేయు పుస్తకము చిట్టా, వాటిని ఖాతాల వారీగా విడదీయు పుస్తకము ఆవర్జా, ఖాతాల నిల్వలను సరిచూచు పట్టిక అంకణా, చివరకు తయారగునవి ముగింపు లెక్కలు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ప్రచురించిన ఇంటర్మీడియట్ వాణిజ్య శాస్త్ర పుస్తకాల ద్వారా ఈ పదాలు విద్యార్థులకు పరిచయమైనవి. అంతర్జాల పాఠాలు, సాఫ్ట్‌వేర్లు మాత్రం జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అనే పదాలనే వాడుతాయి. గోండి లేదా కొలామి మాతృభాషగా గల విద్యార్థి ఒకే భావానికి తెలుగు పదము, ఇంగ్లీషు పదము రెండింటినీ నేర్వవలసి వచ్చును. కనుక తొలి వారంలోనే రెండు వరుసల పదపట్టికను సొంతంగా వ్రాసుకొనుట మంచిది.

ఒక ఉదాహరణ

ఒక లడ్డూల సంఘం తొలి రెండు వారాల వ్యవహారాలు ఈ విధంగా ఉన్నవని అనుకొనవచ్చును.

* 1వ తేది: సభ్యులు మూలధనంగా రూ.20,000 నగదు ఇచ్చారు.
* 3వ తేది: ఇప్పపువ్వు, బెల్లం రూ.8,000కు నగదుపై కొన్నారు.
* 6వ తేది: లడ్డూలు రూ.5,000కు నగదుపై అమ్మారు.
* 9వ తేది: ఒక వసతి గృహానికి రూ.6,500 విలువ గల లడ్డూలు అరువుపై ఇచ్చారు.
* 12వ తేది: కూలి రూ.2,000 నగదు చెల్లించారు.

నగదు ఖాతాలో నిల్వ రూ.15,000. అంకణాలో డెబిట్ వైపు నగదు 15,000, కొనుగోళ్ళు 8,000, కూలి 2,000, వసతి గృహం బాకీ 6,500 కలిపి రూ.31,500 అగును. క్రెడిట్ వైపు మూలధనం 20,000, అమ్మకాలు 11,500 కలిపి అంతే మొత్తము వచ్చును.

పెట్టెలోని డబ్బు మాత్రమే చూసినవారికి రూ.20,000 కాస్తా రూ.15,000 అయినందున సంఘం రూ.5,000 నష్టపోయినట్లు తోచును. సరుకు ఏమీ మిగలలేదనుకొంటే నిజానికి రూ.11,500 అమ్మకాల నుండి రూ.10,000 ఖర్చు పోగా రూ.1,500 లాభము ఉన్నది. ఆ లాభము వసతి గృహం బాకీలో చిక్కుకొని ఉన్నది. బాకీ వసూలు కాకపోతే లాభము కాగితానికే పరిమితమగును. ఈ తేడాను సభ్యులకు సమావేశంలో వివరించగలుగుటయే లెక్కల నిర్వాహకురాలి అసలు పని.

అంకణా రెండు వైపులా సరిపోయినంత మాత్రాన పుస్తకాలలో తప్పు లేదని చెప్పలేము. పూర్తిగా వ్రాయకుండా వదిలివేసిన వ్యవహారము, ఒక సభ్యురాలి పొదుపును మరొకరి ఖాతాలో వ్రాయుట వంటి తప్పులు అంకణాలో బయటపడవు. వాటిని రసీదులతో, పాసు పుస్తకాలతో సరిపోల్చి పట్టుకొనవలెను.

ఆన్‌లైన్ విద్యా మార్గాలు

* స్వయం: కేంద్ర ప్రభుత్వం 2017 జూలై 9న ప్రారంభించిన వేదిక. వాణిజ్య శాస్త్ర పాఠాలు ఉచితము. ధ్రువపత్రము కావలసినవారు రుసుము చెల్లించి పరీక్ష కేంద్రంలో పరీక్ష వ్రాయవలెను.
* జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ: సీనియర్ సెకండరీ స్థాయిలో అకౌంటెన్సీ పాఠ్యాంశము కలదు. పాఠాలు అంతర్జాలంలో లభ్యమగును. చదువు మధ్యలో ఆపినవారికి ఇది అనుకూలము.
* డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం: 1982లో హైదరాబాదులో స్థాపితమైన ఈ సంస్థ దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము. పని చేసుకొంటూ బి.కాం. పట్టా పొందుటకు ఇది మార్గము.
* వృత్తి కోర్సులు: భారత కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ నిర్వహించు 'క్యాట్' కోర్సు ఇంటర్మీడియట్ తరువాత చేరదగినది. తొలి స్థాయి ఉద్యోగాలను ఉద్దేశించినది.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చిన తరువాత చిన్న సంస్థలలో కూడా పన్ను లెక్కలు తెలిసిన సహాయకుల అవసరం పెరిగినది. అందువలన బిల్లులలో పన్ను వివరాలు సరిచూచుట, బ్యాంకు ఖాతా నిల్వను నగదు పుస్తకంతో సమన్వయపరచుట కూడా పాఠ్యక్రమంలో భాగము కావలెను.

సాఫ్ట్‌వేరు

భారతదేశంలో చిన్న వ్యాపారులు విస్తారంగా వాడు జమాఖర్చుల సాఫ్ట్‌వేరు ట్యాలీ. దీని మూల సంస్థ 1986లో ప్రారంభమైనది. 2020లో ట్యాలీ ప్రైమ్ విడుదలైనది. లైసెన్సు కొనకుండా విద్యార్థులు అభ్యసించుటకు ఎడ్యుకేషనల్ మోడ్ అను సౌకర్యము కలదు. అందులో నెల ఆరంభంలోని రెండు తేదీలకు, చివరి తేదీకి మాత్రమే పద్దులు వ్రాయవీలగును. అభ్యాసానికి ఇది సరిపోవును. జంటపద్దు విధానంలో పనిచేయు జి.ఎన్.యు. క్యాష్ అనునది పూర్తిగా ఉచితము.

సాఫ్ట్‌వేరులో ఒకసారి పద్దు వ్రాసినచో ఆవర్జా, అంకణా వాటంతట అవే తయారగును. దీనివలన శ్రమ తగ్గినను, తప్పు ఖాతా ఎంచుకొన్నచో తప్పు కూడా అంతే వేగంగా అన్ని పట్టికలకు ప్రాకును. కావున తొలి నెల రోజులు కాగితం మీదనే చిట్టా నుండి అంకణా వరకు వ్రాసి నేర్చుకొని, ఆ తరువాత కంప్యూటరు వైపు మళ్ళుట ఉత్తమము.

ఇబ్బందులు

2020 సెప్టెంబరు 1 నుండి కోవిడ్ కారణంగా రాష్ట్రంలో పాఠశాల తరగతులు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళ ద్వారా ప్రసారమైనవి. సెల్ సిగ్నలు అందని గూడేలలో దూర పాఠాలు వినుట ఎంత కష్టమో ఆ కాలంలో తెలిసివచ్చినది. జమాఖర్చుల విద్యకు మరొక చిక్కు ఉన్నది. ఫోనులో పాఠము వినవచ్చును గాని, ట్యాలీ విండోస్ కంప్యూటరు మీద పనిచేయునది. ఫోను మాత్రమే ఉన్న విద్యార్థి సిగ్నలు ఉన్నచోట వీడియోలను దింపుకొని, లెక్కలను నోటు పుస్తకంలో సాధించి, వారానికి ఒకటి రెండు రోజులు కంప్యూటరు దొరకు చోటికి వెళ్ళవలసి ఉండును.

ముందుగా పెద్ద మొత్తము కట్టించుకొని ఖచ్చితమైన ఉద్యోగము ఇప్పిస్తామను ప్రకటనల విషయంలో జాగ్రత్త అవసరము. కొన్ని వారాల ఆన్‌లైన్ ధ్రువపత్రము డిగ్రీకి సమానము కాదు. ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలలో విద్యార్హతగా పట్టా అడిగినచోట అది చెల్లదు. చిన్న దుకాణాలు, మిల్లులు, సంఘాలు మాత్రం ధ్రువపత్రము కంటే చేతి పనిని చూస్తాయి.

ఉద్యోగ ప్రవేశం

ఆన్‌లైన్ విద్యలో లోపించునది నిజమైన పుస్తకంతో పరిచయము. పాఠంలోని లెక్క ఎల్లప్పుడూ సరిపోతుంది, నిజమైన పుస్తకంలో చిరిగిన రసీదులు, కొట్టివేతలు, జ్ఞాపకం మీద చెప్పిన మొత్తాలు ఉంటాయి. ఈ కొరతను ఉట్నూర్ ప్రాంతంలో స్వయం సహాయక సంఘాలు తీర్చగలవు. సంఘం అనుమతితో మూడు నెలల పాటు సమావేశాలకు హాజరై, నగదు పుస్తకము వ్రాసి, నెలాఖరున బ్యాంకు పాసు పుస్తకంతో సరిచూసిన అనుభవమును దరఖాస్తులో పేర్కొనవచ్చును. సభ్యుల పొదుపు, అప్పుల వివరాలు గోప్యముగా ఉంచుట, కొట్టివేసిన అంకెను రుద్దివేయక ప్రక్కన సంతకముతో సరిదిద్దుట ఈ వృత్తిలో మొదటి నియమాలు.

పుస్తకాలను భద్రపరచుట కూడా వృత్తిలో భాగమే. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారము కంపెనీలు తమ లెక్కల పుస్తకాలను జంటపద్దు విధానంలో వ్రాసి, కనీసము ఎనిమిది సంవత్సరాలు ఉంచవలెను. సంఘాల విషయంలోనూ పాత పుస్తకమే వివాదములు తలెత్తినపుడు సాక్ష్యమగును.

తొలి ఉద్యోగం నుండి బి.కాం., ఆపై చార్టర్డ్ అకౌంటెన్సీ లేదా కాస్ట్ అకౌంటెన్సీ దిశగా ముందుకు సాగవచ్చును. అంతవరకు వెళ్ళనివారికి సైతము ఈ విద్య వృథా కాదు. పత్తి అమ్మిన రైతు తన తూకపు చీటీని, సంఘ సభ్యురాలు తన వాయిదాల పట్టికను స్వయంగా చదివి ఒప్పుకొనుటకో, ప్రశ్నించుటకో ఇది తోడ్పడుతుంది.

ఇవి కూడా చూడండి

* ఉట్నూర్
* జంటపద్దు విధానం
* స్వయం సహాయక సంఘాలు
* గిరిజన సహకార సంస్థ
* దూరవిద్య