పొద్దు దాటితే నిలవని దివిసీమ తెల్లకల్లు

మేముండేది తాడిగడప. బెజవాడలో బందరు రోడ్డు పట్టుకుని పటమట, కానూరు దాటితే వచ్చే ఊరు. కృష్ణకు అవతలి ఒడ్డున తాడేపల్లి, దానికి ఆవల తాడికొండ, ఉయ్యూరు దాటి పామర్రు వైపు వెళ్తుంటే తాడంకి. ఇన్ని ఊళ్ల పేర్లలో తాడి నిలిచింది. మా వీధిలో మాత్రం ఒక్క తాడి చెట్టు మిగల్లేదు. చిన్నప్పుడు కాలవ గట్టు మీద వరసగా ఉన్నవి చూశాను. ఆ చెట్ల నుంచి దిగిన కల్లుకు ఒక చరిత్ర ఉందని, అది ఎక్కడా సరిగా రాయలేదని నాకు చాలాకాలంగా బాధ.

ఆ చరిత్ర వెతకాలంటే దివిసీమకు పోవాలి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, మధ్యలో కొంత నేలను పొదువుకుని సముద్రంలో కలుస్తుంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఆ నేల మీద ఊళ్లే. దివి అంటేనే దీవి. నది మోసుకొచ్చిన ఒండ్రు, సముద్రం వదిలిన ఇసుక, ఉప్పుగాలి కలిసిన చోటు. వరి పండని చౌడు గట్టు మీద కూడా తాడి నిలబడుతుంది.

ఈ దీవికి ఉత్తరాన కొద్ది దూరంలోనే ఘంటసాల ఉంది. ప్రాచీన శాసనాల్లోని కంటకసోల అదే. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో మైసోలియా తీరంలోని కొంటకొస్సిల అనే వర్తక పట్టణాన్ని పేర్కొన్నాడు. అంతకుముందు శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ మన తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారని చెప్పింది. బట్టలు పోయాయి సరే, బదులుగా ఏం వచ్చింది? వినుకొండలో దొరికిన రోమన్ బంగారు నాణేలు ఒక జవాబు. రెండో జవాబు ద్రాక్షసారా.

పుదుచ్చేరి పక్కన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపినప్పుడు మధ్యధరా ప్రాంతపు జాడీ పెంకులు బయటపడ్డాయి. ఎలిజబెత్ విల్ అనే పండితురాలు తర్వాత వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి, సారా జాడీల్లో ఎక్కువ భాగం కాస్ ద్వీపపు రకానివని తేల్చారు. కాస్ గ్రీసుకు చెందిన చిన్న దీవి, వైద్యుడు హిప్పోక్రటీస్ పుట్టినచోటు. దాని జాడీలను గుర్తుపట్టడం తేలిక, పిడి రెండు కడ్డీలు జోడించినట్టుంటుంది. ఆ దీవి వాళ్లు తెల్ల ద్రాక్షరసంలో సముద్రపు నీళ్లు కలిపేవాళ్లని రోమన్ పండితుడు ప్లినీ రాశాడు. ఒక బానిస కొలత తగ్గకుండా దొంగతనంగా ఉప్పునీళ్లు పోశాడట, అదే అలవాటై తెల్లకాస్ అనే పేరుతో అమ్ముడుపోయిందట. ఆ ఉప్పే దాన్ని పాడవకుండా కాపాడింది. నెలల తరబడి ఓడలో ఊగి, ఎర్రసముద్రం దాటి, మన బంగాళాఖాతం ఒడ్డుకు చేరగలిగిందంటే కారణం అదే.

మన నాగార్జునకొండ శిల్పాల్లో గడ్డమున్న ఒక మనిషి కొమ్ము పాత్ర చేతపట్టుకుని కనిపిస్తాడు. పండితులు ఆ బొమ్మను గ్రీకుల మద్యదేవత డయోనైసస్‌తో పోలుస్తారు. కృష్ణ ఒడ్డున శిల్పం చెక్కిన చేతికి ఆ దూరదేశపు తాగుడు తెలుసు. ఆ శిల్పికి పొద్దున్నే చెట్టు దిగే మనిషీ తెలిసే ఉంటాడని నా నమ్మకం. కాని ఆ మనిషి బొమ్మ రాతి మీదికి ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో ఆలోచిస్తే కల్లు స్వభావంలోనే కొంత జవాబు దొరుకుతుంది. ద్రాక్ష ఏడాదికొక పంట. తొక్కి, పులియబెట్టి, మూత బిగించి, ఏళ్లకేళ్లు దాచుకోవచ్చు. తాడి పంట రోజుకు రెండు పూటలు. చెట్టు మీద గెలను మెత్తబడేదాకా నొక్కి, కట్టి, కొసను పొద్దునా సాయంత్రం రేకంత పలచగా గీస్తారు. గీత అన్న మాట అందులోంచే వచ్చింది. లోతుగా కోస్తే గెల పోతుంది, పైపైన కోస్తే ఊట రాదు. చినుకు చినుకుగా లొట్టిలో దిగే రసం మొదట నీళ్లంత తేటగా ఉంటుంది. అందులో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర. గాలిలోనూ లొట్టి గోడల్లోనూ ఉన్న ఈస్టు, సూక్ష్మజీవులు దిగీదిగకముందే పని మొదలుపెడతాయి. తేట రసం పాలరంగుకు తిరగడం పులుపు మొదలైందన్న గుర్తు. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాలు. మర్నాటికి పుల్లని వెనిగర్. ఉప్పు కలిపో, మూత బిగించో ఆపే వీలు లేదు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది, కాని అప్పుడది కల్లు కాదు, నీరా.

చెట్టు చెట్టుకూ తేడా ఉంటుంది. చలికాలంలో ఈత, చలి వెనకబడ్డాక పోతుతాడి, ఎండలు ముదిరాక పెంటితాడి. పెంటితాడి గెల గీస్తే ఆ గెలకు ముంజలుండవు, అందుకే ఏ గెల గీయాలి, ఏది వదలాలి అన్నది ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకునే సంగతి. ద్రాక్షతోటల యజమానులు నేల గురించి, వాలు గురించి మాట్లాడినట్టే, గీత పని చేసేవాళ్లు గట్టు గురించి, ఉప్పు గురించి మాట్లాడతారు.

నాలుగేళ్ల కిందట నాగాయలంక వైపు ఒక పెద్దాయనతో పొద్దున్నే తోపుకు వెళ్లాను. డెబ్భై దాటిన మనిషి. మోకు నడుముకు చుట్టి, కత్తి వెనక దోపుకుని చెట్టెక్కుతుంటే కింద నిలబడ్డ నాకు గుండె దడ.

“బాబాయ్ గారూ, ఎప్పుడైనా ఒక పూట ఆగుదామనిపించదా?” అని దిగాక అడిగాను.

“ఎట్టా ఆగుద్దండీ? ఒక పూట గీయకపోతే గెల ఎండుకుపోద్ది. మా పెద్దోడి పెళ్లినాడు కూడా పొద్దున గీసే పందిట్లోకెళ్లాను. సాయంత్రం మళ్లా చెట్టు మీదే.”

తర్వాత తాటాకు డొప్పలో పోసి ఇచ్చాడు. తీపి, దాని వెనక సన్నని పులుపు, చివర్లో తాటిపండు వాసన లాంటిది. ఆ రుచి బెజవాడకు తీసుకురావడం ఎవరి వల్లా కాదు. బస్సు బెంజి సర్కిల్ చేరేసరికి మారిపోతుంది.

జాడీలు మిగల్చని కల్లు లెక్కల్లో మాత్రం బాగా మిగిలింది. మన బందరు గోల్కొండ సుల్తానుల రేవు. ఆ రాజ్యంలో తాడికల్లు మీద వేసిన పన్నుతో రాజుకు మంచి ఆదాయం వస్తోందని పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే రాశాడు. ఇంగ్లీషు వాళ్లు 1611లో బందరులో దిగారు. టాడీ అని వాళ్లు పిలిచే మాట మన తాడికి, హిందీ తాడీకి చుట్టమే. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టంతో చెట్టుకు పన్ను, దుకాణానికి పాట స్థిరపడ్డాయి. చెట్టెక్కేది ఒకరు, పాట పాడి దుకాణం దక్కించుకునేది ఇంకొకరు. గీత కుటుంబాల పేదరికానికి పునాది అక్కడే పడిందని నేననుకుంటాను.

1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. గాంధీజీ వచ్చారు. పింగళి వెంకయ్య జెండా చూపింది అప్పుడే. ఆ సహాయ నిరాకరణ ఉద్యమ రోజుల్లో కల్లు దుకాణాల ముందు వలంటీర్లు నిలబడ్డారు. తాగుడు వల్ల కూలి ఇళ్లు కూలిపోయిన మాట నిజం, ఆ వలంటీర్ల బాధ నిజమైన బాధ. గాంధీజీ మద్యాన్ని వద్దన్నారు గాని చెట్టును వద్దనలేదు. అదే రసంతో బెల్లం వండమని తర్వాతి ఏళ్లలో పదేపదే చెప్పారు. ఆ రెండో మాటను మనం సరిగా వినలేదు. రాజాజీ 1937లో సేలంలో మొదలుపెట్టిన నిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. చెట్టెక్కడం ఒక్కటే తెలిసిన వేల కుటుంబాలకు అన్నం ఎట్లా అన్న ప్రశ్నకు చాలినంత జవాబు రాలేదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. నిషేధం మీద వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తివేయాలని సిఫారసు చేసింది. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు ఒప్పుకోలేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న గట్టిగా నిలబడ్డారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి, ప్రకాశం మంత్రివర్గం పడిపోయింది. 1957లో పూర్తయిన మన బ్యారేజీకి ఆయన పేరే పెట్టుకున్నాం. రోజూ ఆ వంతెన మీదుగా తాడేపల్లి వెళ్లివచ్చే వాళ్లలో ఎందరికి తెలుసు, ఆ మంత్రివర్గం పోయింది కల్లు గొడవ మీదేనని?

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. పదివేల మందికి పైగా పోయారు. ఆ రాత్రి చెట్లను వాటేసుకుని బతికినవాళ్లు ఇప్పటికీ ఆ ఊళ్లలో ఉన్నారు. అంత గాలికి నిలిచిన తాళ్లు తర్వాత మన చేతుల్లో నిలవలేదు. వరి గట్లు పోయి రొయ్యల చెరువులు వచ్చాయి. మొద్దులు ఇటుక బట్టీలకు వెళ్లాయి. నాటిన టెంక గెల వేయడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. అంతకాలం ఎదురుచూసే ఓపిక కౌలు రైతుకు ఉండదు, తప్పు పట్టలేం.

రంపచోడవరం పక్కన పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి మీద, నీరా మీద పని జరుగుతోంది. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. 2025లో మన రాష్ట్రం మద్యం దుకాణాల్లో పది శాతం గీత కులాలకు కేటాయించింది. ఆదరువు మంచిదే. కాని సీసా అమ్మే దుకాణంలో గెల గీసే చేతికి పని లేదు. మనవడికి దుకాణం దొరికినా తాత విద్య తాతతోనే ఆగిపోతుంది. గట్ల మీద టెంకలు నాటించడం, నీరానూ బెల్లాన్నీ శుభ్రంగా తీసి అమ్మే ఏర్పాటు చేయడం, చెట్టు మీదినుంచి పడినవాళ్ల కుటుంబాన్ని వెంటనే ఆదుకోవడం, ఇవి ముందు జరగాలి. మత్తుబిళ్లలు కలిపిన నీళ్లను కల్లు పేరుతో అమ్మేవాళ్లను కఠినంగా శిక్షించాలి.

ఘంటసాల మ్యూజియంలో బౌద్ధ శిల్పాలు భద్రంగా ఉన్నాయి. ఆ జిల్లాలోనే ఎక్కడో ఒకచోట ఒక మోకు, ఒక గీత కత్తి, సున్నం పూసిన ఒక లొట్టి కూడా పేర్లు రాసి పెట్టాలని నా కోరిక. కాస్ దీవి సారాకు జాడీ పెంకులు సాక్ష్యం చెప్పాయి. మన దీవి కల్లుకు పన్ను లెక్కలూ మనుషుల నోటి మాటా తప్ప సాక్ష్యం లేదు. దివిసీమలో గాని, కృష్ణ లంకల్లో గాని గీత పని చేసిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి. ఏ గట్టు చెట్టు తీపి, ఏ నెలలో ఏది గీసేవాళ్లు, కత్తి ఎక్కడ కొట్టించేవాళ్లు, ఏ ముడిని ఏమనేవాళ్లు, అన్నీ వాళ్ల మాటల్లోనే ఫోనులో రికార్డు చేసి దాచండి.