తళతళ వెనక బిగువు

ఇంత చింతపండు, కాస్త ఉప్పు ఉంటే చాలు, ఎంత నల్లబడ్డ ఇత్తడి బిందె అయినా బంగారంలా మెరుస్తుందని మనకెవరూ చెప్పనక్కర్లేదు. కాని తుపాకి తూటాలను కూడా తోముతారంటే నమ్ముతారా?

నవ్వకండి, నిజమే! గుండు ఎగిరిపోయినా దాని వెనకనుండే ఇత్తడి గుల్ల మిగిలిపోతుంది. అందులో మళ్ళీ మందు కూరి, కొత్త గుండు బిగించి వాడుకోవచ్చు. 1870ల్లో అమెరికా మైదానాల్లో బైసన్ దున్నలను వేటాడినవాళ్ళు రాత్రిళ్ళు గుడారాల దగ్గర కూచుని చేసుకున్న పని ఇదే. ఆనాటి తుపాకిమందు మసి గుల్లలో ఉండిపోతే తేమ పీల్చి ఇత్తడిని తినేస్తుంది. కడిగి ఆరబెట్టాల్సిందే. ఎంగిలి గిన్నెలు రాత్రంతా వదిలేయొద్దని మన అమ్మమ్మలు పోరినట్టే!

ఇప్పటివాళ్ళు అక్రోటు పెంకుల పొడిలోనో, మొక్కజొన్న కండెల రవ్వలోనో వేసి యంత్రంతో దొర్లిస్తారు. కొందరు నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెడతారు. అది మన చింతపండు పులుపుకి చుట్టమే. అమ్మోనియా కలిసిన పాలిష్‌ను మాత్రం దగ్గరికి రానివ్వరు. ఆ భయం వెనక మన దేశంలో జరిగిన కథ ఒకటుంది.

తెల్లవాళ్ళ పాలనలో ఇక్కడి సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపు సాలల్లో దాచేది. వానలు వెలిశాక తీసి చూస్తే, ఎవరూ ముట్టుకోని తూటాలు పగిలి ఉండేవి! అదీ ముఖ్యంగా గుండును బిగించిన మెడ దగ్గర. 'సీజన్ క్రాకింగ్' అని దానికో పేరయితే వచ్చింది. అసలు దొంగ ఎవరో 1921లో గాని తేలలేదు. మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు దాన్ని పట్టుకున్నారు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా అది!

ఈ గుల్లల ఇత్తడిలో నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం. చల్లగా ఉండగానే సాగదీసి గుల్లగా మలిచినప్పుడు లోహం లోపల ఒక బిగువు ఉండిపోతుంది. పైకేమీ కనబడదు. తడిగాలిలో అమ్మోనియా తగిలిందా, రాగిని పట్టుకుంటుంది. బిగువున్న చోటే చిట్లుతుంది. అలాంటి తూటా పేలిస్తే మంటగాలి వెనక్కి తన్ని, ప్రమాదం పేల్చినవాడికే రావచ్చు.

దీనికి విరుగుడు తోముడు కాదు. గుల్ల తయారుకాగానే సన్నసెగ మీద వేడిచేసి ఆ బిగువు సడలించటం.

సైన్యాలకు ఇది తెలియడానికి అన్నేళ్ళు పట్టింది గాని, పైకి తళతళలాడేవాళ్ళ లోపలి బిగువు కనిపెట్టి, సన్నసెగతో సడలిస్తూ కాపురాలు నెట్టుకొచ్చే ఆడవాళ్ళకి ఇందులో కొత్తేముంది?