మందుపాతరను నిలదీసిన కుర్చీ

జెనీవాలో ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి ఎదురుగా, అందరూ తిరిగే కూడలిలో 12 మీటర్ల ఎత్తు చెక్క కుర్చీ ఉంది. మూడు కాళ్లు బాగానే ఉన్నాయి. నాలుగోది సగానికి తెగింది. రంపం కోత కాదది. చెక్క పేళ్లుపేళ్లుగా చీలి, పేలుడు ఇప్పుడే జరిగినట్టు ఉంటుంది.

దీని మూలం థాయ్‌లాండ్ సరిహద్దులోని కంబోడియా శరణార్థుల శిబిరాల్లో ఉంది. మందుపాతరలకు కాళ్లు పోయినవారికి కృత్రిమ కాళ్లు అమర్చేందుకు 1982లో హ్యాండిక్యాప్ ఇంటర్నేషనల్ పుట్టింది. ఎన్ని కాళ్లు అమర్చినా కొత్త క్షతగాత్రులు వస్తూనే ఉన్నారు. ఇక మందుపాతరనే నిషేధించాలంటూ 1992లో ఆ సంస్థతో కలిపి ఆరు సంస్థలు అంతర్జాతీయ ఉద్యమం మొదలుపెట్టాయి. దాని కోసం శిల్పి డానియెల్ బెర్సె కుర్చీకి రూపమిస్తే, వడ్రంగి లూయీ జెనెవ్ ఐదున్నర టన్నుల చెక్కతో దాన్ని కట్టాడు.

1997 ఆగస్టులో నిలబెట్టారు. డిసెంబరులో ఒట్టావాలో మందుపాతరల నిషేధ ఒప్పందంపై సంతకాలయ్యాక తీసేద్దామనుకున్నారు. 122 దేశాలు సంతకం చేశాయి. ఉద్యమానికీ, దాన్ని నడిపిన జోడీ విలియమ్స్‌కూ ఆ ఏడాదే నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కుర్చీ మాత్రం కదల్లేదు. కూడలి పనుల కోసం 2005లో తీసినా, 2007లో తిరిగి అక్కడే పెట్టారు. అది నిలబడాల్సిన అవసరం తీరలేదు మరి. 2025లో పోలండ్, ఫిన్లాండ్, మూడు బాల్టిక్ దేశాలు ఒప్పందం నుంచి తప్పుకోవడానికి సిద్ధపడ్డాయి.

భారత్ అసలు సంతకమే చేయలేదు. అయితే ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మాలో మందుపాతరలు పెట్టింది మావోయిస్టులు. 2010 మే 17న చింగవరం దగ్గర బస్సును పేల్చినప్పుడు 30 మందికి పైగా చనిపోయారు, వారిలో మామూలు ప్రయాణికులూ ఉన్నారు. 2018 మార్చి 13న కిష్టారం దగ్గర పాతరలను తట్టుకునేలా చేసిన వాహనమే ఎగిరిపోయి తొమ్మిది మంది సీఆర్పీఎఫ్ జవాన్లు మరణించారు.

మాటువేసి మనిషి మీట నొక్కి పేల్చేది ఒట్టావా ఒప్పందం కిందికి రాదు. అడుగు పడితే పేలే ప్రెషర్ బాంబు వస్తుంది. ఎవరు చేశారన్నది కాదు, ఎలా పేలుతుందన్నదే అక్కడ కొలత. ఆ బాంబుకు జవాను బూటూ, తునికాకు కోతకు వెళ్లే మనిషి పాదమూ, ఇప్పపువ్వు ఏరే పిల్ల అడుగూ ఒక్కటే.

సుక్మా ఉన్న బస్తర్ ప్రాంతంలో స్మారకాలకు కొదవ లేదు. జవాన్లకు పోలీసులు కట్టినవి ఉన్నాయి, తమవాళ్లకు మావోయిస్టులు కట్టిన ఎర్ర స్తూపాలూ ఉన్నాయి. ఆకు కోతకెళ్లి కాలు పోగొట్టుకున్న కోయ మనిషి ఈ రెండింటిలోనూ ఇమడడు. జెనీవా కుర్చీ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. అది ఏ పక్షానిదీ కాదు. పోయినవారికి దండం పెట్టి వెళ్లిపొమ్మనదు, ఆయుధాన్ని మానమని అడుగుతుంది. సుక్మాలోనూ అలా అడిగే గుర్తు ఒకటి నిలవాలి. లొంగిపోతున్న మావోయిస్టులు పాతరలు పెట్టిన చోట్లు చూపాలి, ప్రభుత్వం వాటిని తీయించాలి, కాలు పోయినవారికి కృత్రిమ కాలుతో పాటు బతుకుతెరువూ కల్పించాలి. ఈ మూడూ జరిగేదాకా అడవి దారికి శాంతి వచ్చినట్టు కాదు.