ఇరాన్ ఇస్లాంను స్వీకరించింది - ఫార్సీని విడువలేదు

తెలుగునాట ముస్లింల ఇళ్ళలో ప్రతిదినం వినిపించే నమాజు, రోజా అనే మాటలు అరబీ పదాలు కావు. అరబీలో నమాజును సలాత్ అనీ, రోజాను సౌమ్ అనీ అంటారు. ఖుదా, పైగంబర్, ఫరిష్తా, బిహిష్త్ కూడా ఫార్సీ మాటలే. ఇస్లాం అరేబియాలో అవతరించింది. దాని దివ్యగ్రంథం అరబీ భాషలో ఉన్నది. అటువంటప్పుడు దాని మూలవిధులలో రెండింటిని ఇక్కడి ముస్లింలు ఫార్సీ పేర్లతో పిలవడం ఎలా సంభవించింది? సమాధానం ఇరాన్ చరిత్రలో దొరుకుతుంది.

ఈజిప్టు, సిరియా, ఇరాక్ దేశాల ప్రజలలో అత్యధికులు కాలక్రమాన ఇస్లాంతోపాటు అరబీ భాషను కూడా తమదిగా చేసుకున్నారు. ఇరానీయులు ఇస్లాంను మాత్రం స్వీకరించి, తమ భాషను నిలుపుకున్నారు. ఇది ఇస్లాంపై విముఖత వల్ల జరిగినదా, లేక ఇస్లాం పరిధిలోనే జరిగినదా అన్నది పరిశీలించవలసిన విషయం.

ప్రాచీన సామ్రాజ్యం

నైరుతి ఇరాన్‌లోని పార్స ప్రాంతం ఈ జాతికి పుట్టినిల్లు. అక్కడి నుండి బయలుదేరిన సైరస్ క్రీ.పూ. 539లో బాబిలోన్‌ను జయించాడు. అతని తర్వాత వచ్చిన దారయస్ తన విజయగాథను బిసుతూన్ కొండపై మూడు భాషలలో చెక్కించాడు: ప్రాచీన పారశీకం, ఎలామీ, బాబిలోనీ. ఇక్కడ ఒక విశేషం ఉంది. ఆ సామ్రాజ్యపు కచేరీలలో ప్రధానంగా నడిచినవి పాలకుల భాష కాదు, ఎలామీ, అరామీ భాషలు. క్రీ.పూ. 330 నాటికి అలెగ్జాండర్ ఆ సామ్రాజ్యాన్ని కూలదోశాడు. అటుపై గ్రీకులు, పార్థియన్లు ఏలారు. క్రీ.శ. 224లో ససానీ వంశం పార్స నుండే తలెత్తి నాలుగు వందల ఏండ్లకు పైగా రాజ్యం చేసింది. వారి కాలంలో పహ్లవీ రాజభాష అయింది. జరతుష్ట్ర మతం రాజమతం అయింది. రాజాదరణ ఉన్నా, లేకున్నా బ్రతకడం పారశీక భాషకు ఆనాటికే అలవాటు.

అరబ్బుల విజయం

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఖాదిసియ్యా, నిహావంద్ యుద్ధాలలో ససానీ సైన్యం ఓడిపోయింది. చివరి చక్రవర్తి మూడవ యజ్దగిర్ద్ 651లో మర్వ్ వద్ద హతుడయ్యాడు. రాజ్యం త్వరగా పడిపోయింది గాని ప్రజలు ఒక్కసారిగా మతం మారలేదు. ఇరానీయులలో అధికసంఖ్యాకులు ముస్లింలు కావడానికి రెండు మూడు శతాబ్దాలు పట్టింది. కొందరు జరతుష్ట్ర మతంలోనే ఉండిపోయారు. కొందరు గుజరాత్ తీరం చేరి పార్సీలుగా స్థిరపడ్డారు.

అరబ్బుకు అరబ్బేతరునిపై ఏ ఆధిక్యమూ లేదని దైవప్రవక్త (సల్లం) తమ అంతిమ హజ్ ప్రసంగంలో స్పష్టం చేశారు. ఉమయ్యాల పాలనలో ఈ సూత్రానికి తగిన ఆచరణ కనబడదు. ఇస్లాం స్వీకరించిన అరబ్బేతరులను మవాలీలని పిలిచి, రెండవ శ్రేణిలో నిలిపారు. ముస్లింలైన తర్వాత కూడా పలుచోట్ల వారి నుండి జిజియా వసూలు చేశారు. రెండవ ఉమర్ (717-720) ఈ అన్యాయాన్ని ఆపబూనినా, ఆయన తర్వాత అది మళ్ళీ తలెత్తింది. హజ్జాజ్ కాలంలో ఇరాక్‌లోని రెవెన్యూ దఫ్తరాలు పహ్లవీ నుండి అరబీకి మారాయి. ఖురాసాన్ నుండి లేచి 750లో ఉమయ్యాలను కూల్చిన ఉద్యమం వెనుక మవాలీల అసంతృప్తి కూడా ఉంది. వారు తిరగబడినది ఇస్లాంపై కాదు, ఇస్లాం వాగ్దానం చేసిన సమానత్వాన్ని నిరాకరించిన పాలకులపై.

ఈ మధ్యకాలంలో ఇరానీయులు అరబీని పరాయిదిగా చూడలేదు. అరబీ వ్యాకరణానికి మూలగ్రంథాన్ని రచించిన సీబవైహ్ ఇరానీయుడు. పంచతంత్రపు పహ్లవీ రూపాన్ని 'కలీలా వ దిమ్నా'గా అరబీలోకి తెచ్చిన ఇబ్నుల్ ముఖఫ్ఫా ఇరానీయుడు. హదీసు వేత్తలలో ఇమాం బుఖారీ, ఇమాం ముస్లిం, ఇమాం తిర్మిజీ ముగ్గురూ ఖురాసాన్, మావరాఉన్నహర్ ప్రాంతాల నుండి వచ్చినవారే.

బుఖారా ఉలమాల నిర్ణయం

పదవ శతాబ్దంలో బుఖారా రాజధానిగా సామానీ అమీర్లు ఏలారు. మన్సూర్ బిన్ నూహ్ (961-976) వద్దకు ఇమాం తబరీ ఖురాన్ వ్యాఖ్యానం నలభై సంపుటాలలో బాగ్దాదు నుండి వచ్చింది. అది అరబీలో ఉండడం వల్ల అమీర్‌కు చదవడం కష్టమైంది. దానిని ఫార్సీలోకి మార్చడం ధర్మసమ్మతమేనా అని ఆయన బుఖారా, బల్ఖ్ తదితర నగరాల ఉలమాలను అడిగాడు. అరబీ రానివారికోసం అది సమ్మతమేనని వారు తీర్పు చెప్పారు. ప్రవక్తలు తమ తమ జాతుల భాషలోనే సందేశం వినిపించారని తెలిపే ఇబ్రాహీం సూరాలోని నాలుగవ ఆయతును ప్రమాణంగా చూపారు. ఆ కాలంలోనే వజీరు బల్అమీ తబరీ చరిత్రను ఫార్సీలోకి తెచ్చాడు.

ఈ నిర్ణయం విలువ తక్కువది కాదు. అప్పటికే రూదకీ వంటి కవులు ఫార్సీలో రాస్తున్నారు. ఫిర్దౌసీ 1010లో షాహ్‌నామాను ముగించాడు. అయితే ఒక భాషకు కవిత్వం చెప్పే శక్తి ఉండడం వేరు, ధర్మాన్ని మోసే అర్హత ఉన్నదని ధర్మవేత్తలు ఒప్పుకోవడం వేరు. ఫార్సీ ఈ రెండూ పొందింది. ప్రతిగా అది అరబీ లిపిని తీసుకుని, తన ధ్వనుల కోసం పే, చే, ఝే, గాఫ్ అనే నాలుగు అక్షరాలు చేర్చుకుంది. అరబీలో 'ప' లేనందున పార్సీ అన్న పేరే ఫార్సీ అయింది. ఇచ్చిపుచ్చుకోవడం ఎంత లోతుగా సాగిందో ఈ పేరే చెబుతుంది.

ఎల్లలు దాటిన భాష

ఆపైన ఫార్సీ ఒక్క జాతి సొత్తుగా మిగలలేదు. తురుష్కుడైన గజనీ మహమూద్ ఆస్థానంలో అది వర్ధిల్లింది. 1258లో బాగ్దాదును ధ్వంసం చేసిన మంగోలుల మునిమనుమలు ముస్లింలై, ఫార్సీలో చరిత్రలు రాయించారు. 1501లో షా ఇస్మాయీల్ షియా మతాన్ని రాజమతంగా ప్రకటించాడు. అప్పటికి అధికసంఖ్యలో సున్నీలుగా ఉన్న ఇరాన్‌లో ఆ మార్పు నిర్బంధంతో కూడా సాగింది. 1514లో చాల్దిరాన్ వద్ద అతనితో తలపడిన ఉస్మానీ సుల్తాన్ సలీం ఫార్సీలో కవిత్వం రాశాడు. ఇరాన్ పాలకుడైన ఇస్మాయీల్ టర్కీలో రాశాడు!

దక్కనుకు కూడా ఈ కథలో చోటుంది. గోల్కొండ రాజ్యస్థాపకుడు సుల్తాన్ కులీ హమదాన్ ప్రాంతం నుండి వచ్చాడు. ఫార్సీ నిఘంటువులలో ప్రసిద్ధమైన 'బుర్హానె ఖాతే' సుమారు 1651లో గోల్కొండలోనే తయారై అబ్దుల్లా కుతుబ్ షాకు అంకితమైంది. తర్వాత ఇరాన్ పండితులే దానిని టెహరాన్‌లో పరిష్కరించి ప్రచురించుకున్నారు. దస్తావేజు, గుమాస్తా, సిఫారసు, జమీందారు అనే మాటలు తెలుగులో నిలిచిపోయాయి.

విడదీయబోయిన ప్రయత్నం

ఇరవయ్యవ శతాబ్దంలో పహ్లవీ పాలకులు ఇస్లాంకు పూర్వపు వైభవాన్ని జాతీయతకు ఏకైక పునాదిగా చేయాలని చూశారు. 1935లో స్థాపించిన ఫర్హంగిస్తాన్ అనే విద్వత్సంస్థ పరాయి పదాలకు, ముఖ్యంగా అరబీ పదాలకు, బదులు మాటలు కల్పించింది. 1936లో రజా షా ప్రభుత్వం పరదాను నిషేధించింది. 1971లో మహమ్మద్ రజా షా పర్సెపొలిస్ శిథిలాల వద్ద 2500 ఏండ్ల రాచరిక ఉత్సవం జరిపాడు. 1976లో హిజ్రీ సౌర పంచాంగాన్ని తొలగించి, సైరస్‌తో మొదలయ్యే రాచ శకాన్ని ప్రవేశపెట్టాడు. 1355వ సంవత్సరం ఒక్క ఉత్తర్వుతో 2535 అయింది! ప్రజల ఆగ్రహం ముందు నిలువలేక 1978లో పాత పంచాంగాన్నే పునరుద్ధరించవలసి వచ్చింది. మరుసటి ఏడు రాచరికమే అంతరించింది.

1979 విప్లవం తర్వాత కొందరు దీనికి వ్యతిరేక దిశలో ఆలోచించారు. అయినా నౌరోజ్ పండుగ పోలేదు, షాహ్‌నామా పఠనం ఆగలేదు. నూతన రాజ్యాంగం ఫార్సీని అధికారభాషగా నిలిపి, పాఠశాలల్లో అరబీ బోధనను విధిగా చేసింది. అజరీ, కుర్దు, బలూచీ వంటి ప్రాంతీయ భాషలను పత్రికలలో వాడుకోవచ్చునని, వాటి సాహిత్యాన్ని పాఠశాలల్లో బోధించవచ్చునని కూడా అందులో ఉంది. ఆ హామీ ఎంతవరకు అమలవుతున్నదన్న వివాదం మాత్రం తీరలేదు.

ఇరాన్‌ను ప్రాచీన పారశీకంగా మాత్రమే చూసినవారు బుఖారీని, సాదీని వదులుకోవలసి వస్తుంది. ఇస్లాంతోనే ఆ చరిత్ర మొదలైందనేవారు నౌరోజ్‌ను, ఫిర్దౌసీ గానం చేసిన వీరులను వదులుకోవాలి. ఇరాన్ ప్రజలు ఏ ఒక్కటీ వదులుకోలేదు. ముస్లిం కావడానికి మాతృభాషను త్యజించనక్కరలేదని బుఖారా ఉలమాలు వెయ్యేండ్ల క్రితం ఇచ్చిన తీర్పు ఒక్క ఫార్సీకే పరిమితమైనది కాదు. తెలుగువాడు నమాజు అన్నప్పుడల్లా ఆ తీర్పు ఫలితం అతని నాలుకపై పలుకుతూనే ఉంది.