రేగడి నేల మీద ఇల్లు

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడిలో ఇంటి పునాదికి బరువుకంటే నీటితోనే చిక్కు ఎక్కువ. ఆ నేలలోని మాంట్‌మోరిల్లనైట్ అనే ఖనిజం వానలకు నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండలకు ఆరి కుంచించుకుపోతుంది. వేసవిలో పొలం నెర్రెలు బారే నేలే ఇంటి కిందా ఉంటుంది.

పాత ఇళ్లు ఈ కదలికను చాలావరకు తమలోనే ఇముడ్చుకున్నాయి. మట్టితోనో గానుగ సున్నంతోనో కట్టిన మందపు గోడ కాస్త ఒంగినా వెంటనే విరగదు. సున్నంలో పుట్టిన సన్నని బీటలు చెమ్మ తగిలి కొంతవరకు పూడుకుంటాయి కూడా. పండగకు వేసే వెల్ల మిగిలినవాటిని కప్పేది. 20వ శతాబ్దంలో సిమెంటు వచ్చాక గోడలు పలచబడ్డాయి, పెళుసెక్కాయి. నేల కదలిక పగుళ్లై బయటపడింది.

ఆ పగుళ్లకు ఒక తీరుంది. పూతలో వెంట్రుకవాసి గీతలు మామూలే. కిటికీ, గుమ్మం మూలల నుంచి ఏటవాలుగా పాకే పగులును మాత్రం పట్టించుకోవాలి. అది పైన వెడల్పుగా ఉంటే ఇంటి అంచులు కుంగుతున్నాయనో, నడిమి భాగం లేస్తోందనో అనుమానించాలి. కింద వెడల్పయితే నడుమ కుంగుతున్నట్టు. తలుపు ఒక కాలంలో బిగుసుకుని మరో కాలంలో వదులవడం, గది మధ్యలో గచ్చు ఉబ్బడం రేగడి ఇళ్లలో తరచూ కనబడేవే. పగులుకు అడ్డంగా గాజుముక్క అతికించి ఉంచడం ఇంజనీర్ల పాత పరీక్ష: గాజు చిట్లితే కదలిక ఇంకా ఆగలేదన్నమాట. ఒక్క వారంలో తేల్చకుండా ఎండా వానా రెండూ చూడటమే న్యాయం.

ఈ నేలలో పెద్ద భవనాలకంటే ఒంటి అంతస్తు ఇళ్లే ఎక్కువ నలుగుతాయి. ఉబ్బే మట్టిని అణచిపెట్టేంత బరువు వాటికి ఉండదు. అందుకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున గుండ్రటి ఉబ్బు ఉండే అండర్‌రీమ్డ్ పైళ్లను మన దేశంలో వాడుకలోకి తెచ్చింది. ఆ ఉబ్బు వ్యాసం సాధారణంగా పైలు వ్యాసానికి రెండున్నర రెట్లు. రుతువులతో తేమ మారే పైపొరను, అంటే సుమారు 3.5 మీటర్లను, దాటి దిగి అది నేలను పట్టుకుంటుంది. బొంబాయి ఐఐటీలో ఆర్.కె. కట్టి మరో దారి చూపారు: రేగడి మీద ఉబ్బని బంకమట్టిని మీటరు మందాన దిమ్మిస చేయడం. అప్పటికే లేచిన ఇళ్లకు ఉపాయాలు చిన్నవే: చుట్టూ వెడల్పాటి గచ్చు, చూరు నీటిని దూరంగా పంపే కాలువ, గోడ పక్కన పెద్ద చెట్లు నాటకపోవడం.